ఫొటో అడగడానికి వెళ్ళిన పిల్ల

కిందటి వారం జిన్సీని ఫొటోగ్రాఫరు బేబిచ్చన్ స్కూటరు వెనక సీటు మీద, సంచిలో ఒక ఫొటోతో, సంబరంగా వదిలిపెట్టాం. కొట్టాయంలో ‘జనకాహళం’ పత్రికవాళ్ళు నడిపే జర్నలిజం కళాశాలలో పి.జి. డిప్లొమా చదువుతున్న వయనాడు పిల్ల ఆమె. కురియాకోస్ సార్ ఆమెను క్లాసు మధ్యలో లేపి ఒక పని అప్పజెప్పారు. కొండమీది ఊళ్ళో సనూప్ అని ఒక వాలీబాల్ ఆటగాడున్నాడు, రాష్ట్ర జట్టుకి ఎంపికయ్యాడు, వాళ్ళింటికి వెళ్ళి మంచి ఫొటో ఒకటి పట్టుకురమ్మన్నారు. ఆ కబురు విని సనూప్ తల్లి ఓమన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గోడకున్న ఫ్రేము దించి, వెనక మేకులు తనే ఊడదీసి, భుజం మీది తువ్వాలుతో ఫొటో తుడిచి ఇచ్చింది. వెళ్ళేటప్పుడు బెల్లం ఉణ్ణియప్పాలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. తన పేరు మొదటిసారి పత్రికలో పడబోతోందని జిన్సీ దారి పొడుగునా మురిసిపోయింది.

ఆ మురిపెం మర్నాటి పొద్దుటిదాకా కూడా నిలవలేదు.

కొట్టాయంలో పత్రిక చేతికొస్తే ముందు తిప్పేది చరమం పేజీయే, అంటే చావు కబుర్ల పేజీ. ఎవరు పోయారో, వాళ్ళు ఏ ఇంటివాళ్ళో, ఖననం ఏ చర్చిలోనో తెలిశాకే దేశం సంగతి. హాస్టల్లో కూడా అదే రివాజు. జిన్సీ గదిలోనే ఉండే ఫసీల పాలు లేని టీ తాగుతూ రోజూ ఆ పేజీని పైకి చదివి వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం పేజీ తిప్పలేదు. పత్రికను మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“నిన్న నువ్వు తెచ్చిన ఫొటోలో అబ్బాయి నీలం బనీను వేసుకున్నాడా?” అని అడిగింది.

“అవును. వేశారా? ఆటల పేజీలోనా?”

“మొదటి పేజీలో వేశారు. ముందు నువ్వు కూర్చో.”

జిన్సీ కూర్చోలేదు. పత్రిక లాక్కుంది. ఫొటో బాగానే పడింది. సనూప్ నవ్వుతున్నాడు. దాని మీద మాత్రం లారీ ఢీకొని వాలీబాల్ ఆటగాడి మృతి అని ఉంది. ప్రమాదం జరిగింది ఏట్టుమానూరు దగ్గర, మధ్యాహ్నం భోజనాల వేళ. జిన్సీ ఓమన ఇంటి మెట్లెక్కేసరికి పొద్దు వాలుతోంది. అంటే ఆ తల్లి ఫొటో తుడుస్తున్నప్పటికే కొడుకు మెడికల్ కాలేజీ మార్చురీలో ఉన్నాడు.

జిన్సీ చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి పరిగెత్తింది. రాత్రి హాస్టలంతా పంచుకు తిన్న ఉణ్ణియప్పాలు, ఎవరో బాగున్నాయని ఇంకొకటి అడగడం, తను గర్వంగా ఇవ్వడం అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఉన్నదంతా కక్కేసింది. ఫసీల వీపు నిమురుతూ నిలబడింది.

“నీకు తెలీదుగా,” అంది ఫసీల.

“కురియాకోస్ సారుకి తెలుసు,” అంది జిన్సీ మొహం తుడుచుకుంటూ.

ఆ కళాశాలలో పొద్దుటే మొదటి క్లాసు ఒక తంతు. పొడుగాటి బల్ల మీద తమ పత్రికను, పక్కనే మిగతా పత్రికలను పరిచి, ఎవరు ఏ వార్త కొట్టారో, ఎవరు పోగొట్టుకున్నారో తేలుస్తారు. దానికి పెట్టుకున్న పేరు పోస్టుమార్టం. ఆ పొద్దున కూడా అందరూ నవ్వుతూ ఆ మాటే అన్నారు. నిజం పోస్టుమార్టం ఊరి అవతల జరుగుతోందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. అది విన్నప్పుడే జిన్సీకి సగం రోత పుట్టింది.

మిగతా సగం కురియాకోస్ సార్ పుట్టించారు. ఆయన జిల్లా డెస్కుకి అధిపతి. కళాశాలలో రిపోర్టింగు చెబుతారు, వృత్తి విలువల పేపరూ ఆయనే చెబుతారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, తెల్ల ముండు పంచె, మెత్తటి గొంతు. ఎవరినీ కసురుకోరు. కసురుకునేవాడైతే కాస్త నయంగా ఉండేది.

“అన్ని పత్రికలూ చూడండి,” అన్నారాయన. “ఒకళ్ళు నుజ్జయిన బైకు వేశారు. ఇంకొకళ్ళు లారీ వేశారు. కుర్రాడి మొహం మన దగ్గర మాత్రమే ఉంది. ఎందుకుంది?”

“జిన్సీ తెచ్చింది సార్,” అన్నాడు క్లాసులో ఎప్పుడూ మొదట జవాబు చెప్పే జోబిన్.

“తేవడం ఎవరైనా తెస్తారు. ఎప్పుడు తెచ్చిందన్నది చూడండి. చావు కబురు ఇంటికి చేరకముందే తెచ్చింది. ఏడుపులు మొదలయ్యాక ఆ ఇంట్లో ఫొటో దొరకదు. దొరికినా అందరికీ దొరుకుతుంది. పోలీసులు వార్డు మెంబరుకి చెప్పి, ఆయన ఊళ్ళో పెద్దవాళ్ళని పోగుచేసుకుని, చిన్న దెబ్బ తగిలిందని మొదలెట్టి మెల్లగా చెప్పేసరికి ఎలాగూ చీకటి పడుతుంది. ఆ సందు మనది. రాసుకోండి.”

రాసుకున్నారు. పట్టాలు పుచ్చుకుని, పెద్ద చదువుకని ఊళ్ళు వదిలి వచ్చిన పిల్లలంతా తలలు వంచుకుని, ఆ మాటలను పొల్లుపోకుండా రాసుకున్నారు.

“సార్, సెలక్షన్ కాకుండా ఇంకేం చెప్పొచ్చు?” అని అడిగాడు జోబిన్.

“మనిషిని బట్టి ఉంటుంది. చదువుకునే పిల్లయితే ర్యాంకు వచ్చిందను. గల్ఫులో ఉన్నవాడైతే అక్కడి సంఘం సన్మానం చేస్తోందను. ముసలాయనైతే నీకే శ్రమా లేదు, ఫొటో వాళ్ళే తెచ్చిస్తారు.”

క్లాసు నవ్వింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగేవాణ్ణి మనం తరతరాలుగా తిట్టుకుంటున్నాం. ఈ పెద్దమనిషి, ఇల్లు అంటుకోకముందే వెళ్ళి అరుగు మీద కూర్చోమని పాఠం చెబుతున్నాడు. దానికి మార్కులు కూడా వేస్తాడు.

జిన్సీ లేచి నిలబడింది.

“అబ్బాయి సెలక్టయ్యాడని నాతో చెప్పారు సార్.”

“చెప్పాను.”

“అవ్వలేదా?”

“అయ్యేవాడేమో. బాగా ఆడేవాడట.”

“నిజం తెలిస్తే నేను వెళ్ళేదాన్ని కాదు.”

“అందుకే చెప్పలేదమ్మా. తెలిసి వెళితే నీ మొహంలో కనపడిపోయేది. నీది మంచి మొహం జిన్సీ. చూస్తే ఎవరైనా తలుపు తీస్తారు. అలాంటి మొహం మా డెస్కులో ఒక్కళ్ళకీ లేదు. దాన్ని చెడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది.”

అది మెచ్చుకోలు. ఆయన నిజంగానే మెచ్చుకుంటున్నారు. ఒంటి మీద ఎవరో ఎంగిలి చెయ్యి తుడిచినట్టయింది జిన్సీకి.

“ఆవిడ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది సార్.”

“అది కూడా రాయాల్సింది. రాయలేదేం?” అన్నారు కురియాకోస్ సార్.

జిన్సీ ఏదో అనబోయేంతలో అటెండరు ‘మలయోరవార్త’ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొండ ఊళ్ళ ఎడిషన్ వేసే పత్రిక అది. బస్సులో రావాలి కాబట్టి రోజూ ఆలస్యంగా వస్తుంది. కురియాకోస్ సార్ దాన్ని విప్పారు. ఆయన మొహం పాలిపోయింది. ఆయనకి సిగ్గేసిందేమో అనుకుంది జిన్సీ. అనుకున్నందుకు తర్వాత తన మీద తనకే కోపం వచ్చింది.

ఆయన పత్రికను బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టారు. ‘రాష్ట్ర జట్టు పిలిచింది, మృత్యువు ముందే తీసుకుపోయింది.’ కింద కథంతా ఉంది. సాయంత్రం ఇంటికి పత్రికవాళ్ళు వచ్చి కొడుకు ఎంపికైన కబురు చెప్పారని, ఆ సంతోషంలో తాను ఉండగానే దుర్వార్త వచ్చిందని తల్లి ఓమన విలపిస్తూ చెప్పింది.

“ఇది మనకెలా మిస్సయింది?” అని అడిగారు కురియాకోస్ సార్.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక జోబిన్ నవ్వబోయి, సారు నవ్వడం లేదని చూసి మింగేశాడు.

“సార్, అది మనం చెప్పిన అబద్ధం,” అంది జిన్సీ.

“చెప్పాం. అచ్చు మాత్రం వెయ్యలేదు. వేసింది వాళ్ళు. అచ్చయ్యాక అది వాళ్ళ వార్త, మనకి పోయిన వార్త.”

“అయితే అది నిజం కాదని రేపు మనం వేద్దాం.”

“మన పత్రికలో రాని మాటకి మనం సవరణ వెయ్యాలా? ఏ పుస్తకంలో చదివావు?” మెత్తగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. “ఆటల సంఘంవాళ్ళు కాదంటే అప్పుడు చూద్దాం. చనిపోయిన కుర్రాణ్ణి పట్టుకుని, మేం తీసుకోలేదని చెప్పే గుండె ఎవరికుంటుంది? ఎవరూ కాదనకపోతే అది నిజమే.”

అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. ఎడిటర్. కురియాకోస్ సార్ లేచి నిలబడి మాట్లాడారు. “అవును సార్, చూశాం. మధ్యాహ్నానికల్లా ఫాలోఅప్ ఇస్తాం. నిన్న వెళ్ళింది మన పిల్లే సార్, తల్లికి బాగా చనువు. అలాగే సార్.” ఫోన్ పెట్టేసి జిన్సీ వైపు తిరిగారు.

“విన్నావుగా. ఫొటో తిరిగి ఇవ్వడానికి వెళ్ళు. తల్లి ఒళ్ళో ఫ్రేము ఉండాలి. ఖాళీ ఫ్రేము. నువ్వు ఫొటో అందిస్తుంటే బేబిచ్చన్ తీస్తాడు. వార్త నీ పేరుతోనే వేస్తాం. చదువయ్యాక తొడుపుళ బ్యూరోలో చోటు ఉందని ఎడిటరే అన్నారు.”

తొడుపుళ బ్యూరో. బి.ఎడ్. చేసి ఊళ్ళో టీచరుగా ఉండమన్న ఇంట్లోవాళ్ళతో ఏడాదిపాటు పోట్లాడి, అన్నం మానేసి, జిన్సీ ఈ కళాశాలకి వచ్చింది అలాంటి విలేకరి ఉద్యోగం కోసమే. ఆ పూట అది ఆమె చేతికి అందింది. శవాల మీద పేలాలు ఏరుకోవడం అంటే ఏమిటో ఎవరూ ఆమెకి విడమర్చి చెప్పక్కర్లేదు. దోసిట్లో పోసి మరీ ఇస్తున్నారు.

“వెళ్తాను సార్,” అంది.

ఫసీల మెట్ల దగ్గర పట్టుకుంది. “పిచ్చిదానా, వెళ్ళకు.”

“ఆయన పని మీద వెళ్ళడం లేదు. అది అబద్ధమని ఆవిడకి నేనే చెప్పాలి. ఇంకెవరు చెబుతారు?”

“చెబితే సాయంత్రానికి నీ పెట్టె గేటు బయటుంటుంది.”

“ఉండనీ.”

బేబిచ్చన్ స్కూటరు స్టార్టు చేసి సిద్ధంగా ఉన్నాడు. పత్రికలో తల నెరిసిన ఫొటోగ్రాఫరు. పాల అనే ఊరు దాటి రబ్బరు తోటల్లోకి ఎక్కాక, అన్నని పిలిచినట్టు పిలిచి అడిగింది జిన్సీ.

“నిన్న మీకు తెలుసు కదా చేట్టా?”

“తెలుసు.”

“దారిలో ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“చెబితే నువ్వు ఏడుస్తావు. ఏడిస్తే ఫొటో రాదు. అప్పుడు నన్ను లోపలికి వెళ్ళమంటారు.” గేరు మార్చి, కూతురితో చెప్పినట్టు అన్నాడు, “నేను ఎప్పుడూ గేటు దాటి లోపలికి వెళ్ళను మోళే. ఎంత దూరంనుంచైనా తీస్తాను గానీ లోపలికి వెళ్ళను. అందుకే నాకు అన్నం సయిస్తోంది.”

తను నిప్పు తొక్కకుండా పక్కవాళ్ళ చేత తొక్కించడమూ ఒక నీతే కాబోలు అతని దృష్టిలో. జిన్సీకి అతని భుజం పట్టుకోవడం కూడా ఇష్టం లేకపోయింది. స్కూటరు వెనక ఇనప చట్రం పట్టుకుని కూర్చుంది.

ఇంటి దారి మొదట్లోనే నల్లజెండా కట్టి ఉంది. ఇంటికి దక్షిణాన చితి కోసం మామిడి చెట్టు నరుకుతున్నారు. గొడ్డలి దెబ్బలు లోయలోకి వినిపిస్తున్నాయి. వాలీబాల్ క్లబ్బు కుర్రాళ్ళు ‘మలయోరవార్త’ పేజీని అట్టకి అంటించి గేటుకి వేలాడదీశారు. వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి చదివి, తల ఊపి, లోపలికి వెళుతున్నారు.

వార్డు మెంబరు సుగుణన్ జిన్సీని చూడగానే ఎదురొచ్చాడు.

“ఈ అమ్మాయే కబురు తెచ్చింది,” అని అందరికీ చెప్పాడు. “నువ్వు వచ్చి మంచి పని చేశావమ్మా. మంత్రిగారి మనిషితో మాట్లాడాను. రాష్ట్ర జట్టు చొక్కా ఒకటి పంపిస్తున్నారు. శరీరం రాగానే వాడికి అది తొడిగే తీసుకెళతాం.”

జనం దారి ఇచ్చారు. గౌరవంగా ఇచ్చారు. ఒక ముసలావిడ జిన్సీ తల నిమిరింది. ఇంకెవరో గ్లాసుతో టీ తెచ్చి పెట్టారు. ఆ గౌరవం కంటే నలుగురూ కలిసి చెంపలు వాయించి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. నిన్న ఒక్క తల్లికి చెప్పిన అబద్ధం, రాత్రికి రాత్రి పెరిగి ఊరంతటి అబద్ధమైంది. ఇప్పుడు దానికి చొక్కా కూడా వస్తోంది.

ఓమన చాప మీద కూర్చుని ఉంది. ఆమె వెనక గోడ మీద, నిన్నటిదాకా ఫ్రేము ఉన్న చోట, సున్నం తెల్లగా కనపడుతోంది. ఏడవడం లేదు. జిన్సీని చూసి పక్కన కూర్చోమని చాప తట్టింది. జిన్సీ కూర్చుని, సంచిలోంచి ఫొటో తీసి ఆమెకి అందించింది. గేటు దగ్గరనుంచి కెమెరా చప్పుడైంది. ఓమన ఫొటోను చూడలేదు. బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

“అమ్మా, మీతో ఒక మాట చెప్పాలి. కాస్త విడిగా,” అంది జిన్సీ చిన్నగా.

“ఇక్కడే చెప్పు.”

“ఆ సెలక్షన్ సంగతి...”

ఓమన చెయ్యి ఆమె మణికట్టుని పట్టుకుంది. రోజూ తెల్లారకముందే రబ్బరు చెట్లు గీసే చెయ్యి. పట్టు గట్టిగా ఉంది. ఓమన మొహం కదలకుండా, పక్కనున్న ఆడవాళ్ళకి కూడా వినపడకుండా మాట్లాడింది.

“నాకు తెలుసు మోళే.”

జిన్సీ ఆమె వైపు చూసింది.

“రాత్రి పత్రికవాళ్ళు అడిగినప్పుడు తెలీదు. నిజమనుకునే చెప్పాను. తర్వాత పడుకుంటే తెలిసింది. మంచి కబురు తెచ్చినవాళ్ళు, వాడెక్కడున్నాడు, ఎప్పుడొస్తాడు అని అడగరా? నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు.”

అడగలేదు. ఎడిషన్ టైమైపోతోందని, ఫొటో పుచ్చుకుని గబగబా మెట్లు దిగేసింది. విలేకరి కావాలనుకునే మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న అది. అడిగి ఉంటే ఓమన ఏదో ఒక జవాబు చెప్పేది, ఎక్కడో అనుమానం తగిలేది. పొద్దుటినుంచి కురియాకోస్ సార్ మీద, జోబిన్ మీద, బేబిచ్చన్ మీద ఉన్న అసహ్యమంతా తిరిగొచ్చి జిన్సీ మీదే పడింది.

“నాకు తెలీదమ్మా. నాతో కూడా అబద్ధమే చెప్పారు.”

“తెలిసి ఉంటే అంత నవ్వుతూ వచ్చేదానివి కాదు. అది కూడా ఆలోచించాను.” ఓమన పట్టు వదల్లేదు. “ఇప్పుడు మాత్రం చెప్పకు. వాడు స్కూల్లో ఉన్నప్పటినుంచి ఆ జట్టు కోసమే ఆడాడు. పొద్దుటినుంచి ఊరంతా వాడు రాష్ట్రానికి ఆడే మనిషని అంటోంది. ఈ ఒక్క రోజూ అననీ. ఆ చొక్కా వేసుకుని పోనీ. ఎవరు అడిగినా నిజమేనను.”

“అమ్మా, అది...”

“నా దగ్గర వాడి ఫొటో తీసుకెళ్ళావు. నాకు ఈపాటి చెయ్యి.”

జిన్సీ ఆ అబద్ధాన్ని అసహ్యించుకుని కొండెక్కి వచ్చింది. ఇక్కడ అది ఒక తల్లి ఒళ్ళోకి చేరింది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని, లాగేయొద్దని బతిమాలుతోంది.

వాకిట్లో అలికిడైంది. భుజాన సంచి, చేతిలో కాగితాలతో ఒకతను జనాన్ని తప్పించుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు. మలయోరవార్త విలేకరి వల్సన్. రాత్రి ఓమన చెప్పింది రాసుకుని వెళ్ళింది అతనే. అతని మొహం చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు.

“చెల్లెమ్మా, నువ్వేనా నిన్న సాయంత్రం వచ్చింది?” అని అడిగాడు జిన్సీని. “పొద్దుట ఆటల సంఘానికి ఫోన్ చేశాను. సెలక్షన్ ఇంకా జరగనే లేదంటున్నారు. మంత్రిగారి మనిషి బయల్దేరాడు. మా ఎడిటరు నన్ను చంపుతున్నాడు. ఈ కబురు నీకు ఎవరు చెప్పారు?”

“ఇదేం ప్రశ్న ఈ పూట?” అన్నాడు సుగుణన్. క్లబ్బు కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. “వాడు సెలక్టయ్యాడు,” అన్నాడొకడు వల్సన్ మీదికి వస్తూ. దక్షిణం వైపు గొడ్డలి చప్పుడు ఆగింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా జిన్సీ వైపే చూస్తున్నారు. గేటు దగ్గర బేబిచ్చన్ కెమెరా మళ్ళీ పైకెత్తాడు.

మణికట్టు మీద ఓమన పట్టు ఇంకా బిగిసింది.

జిన్సీ ఆ చేతి మీద తన రెండో చెయ్యి వేసింది. తర్వాత ఒక్కొక్క వేలే మెల్లగా విడదీసుకుని లేచి నిలబడింది.

“అది అబద్ధం. రాసుకోండి చేట్టా,” అంది. “ముందు నా పేరు రాసుకోండి.”